రికవరీ బాబాయి పళ్ల బాకీ

తెనాలిలో ఒక సహకార బ్యాంకు వసూళ్ల సెక్షన్లో ఇరవై ఏడేళ్లు పనిచేసిన మనిషి తానే బాకీ పడితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ వ్యాసకర్త బాబాయిని చూడాలి. చుట్టాల్లో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. పెళ్లి పత్రికల మీద కూడా కొందరు "రికవరీ బాబాయి గారికి" అనే రాసి పంపుతారు. సైకిల్‌తో మొదలై లూనా మీదుగా మోటార్ సైకిల్ దాకా ఎదిగిన వసూళ్లు ఆయనవి. ఆయన బండి చప్పుడు వినపడితే చాలు, ఊళ్లలో మగాళ్లు పెరటి గోడలు దూకేవాళ్లని ఆయనే చెబుతాడు. అందులో సగం నిజమని పిన్ని ఒప్పుకుంటుంది.

అలాంటి బాబాయి చిన్నకూతురికి పై పళ్లు ముందుకొచ్చాయి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల నవ్వాలంటే చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఫొటో అంటే వెనక వరసలోకి జారుకోవడం మొదలైంది. పిన్ని నెల రోజులు పోరితే బాబాయి కదిలి, గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లిప్పుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ పిల్ల నోట్లోకి చూస్తోంది. బాబాయి డాక్టరమ్మ వంశంలోకి చూస్తున్నాడు. "మీదే ఊరమ్మా? వేమూరు దగ్గరా! మా అత్తగారిది ఆ పక్కనే కదా. మీ నాన్నగారు పంటకాలవ పక్కన చేను చేసేవారా?" చేసేవారో లేదో, ఐదు నిమిషాల్లో ఆ అమ్మాయి చేత "బాబాయిగారూ" అనిపించాడు. వరస కలిశాక ధర అడగడం బాబాయి పద్ధతి. ధర విన్నాక కలిపితే ఆ వరసకు విలువ ఉండదట.

నలభై అయిదు వేలు అంది. ఇక అక్కడ జరిగింది వైద్యం కాదు, రైతుబజారు. "పై వరసే కదా ఎత్తు, కింద వరసకు ఎందుకు?" పైవి వెనక్కి వస్తే కిందవాటికి సరిగ్గా తగలాలి కాబట్టి రెండూ సర్దాలని ఆమె చెప్పింది. "దవడ పళ్లకు పెట్టడం లేదుగా, వాటి వరకు తగ్గించు." చివరికి 42,000కు కుదిరింది: ముందు 12,000, తర్వాత నెలకు 2,000 చొప్పున పదిహేను వాయిదాలు. బస్సులో వస్తూ బాబాయి టికెట్ వెనక లెక్క వేశాడు. ఇరవై బ్రాకెట్లు, పన్నుకు రెండు వేల వంద. "ఆ రేటుకు మా నాన్న గేదెను కొన్నాడు" అన్నాడు.

అంతకుముందు ఆయన ఆరోగ్య బీమా తలుపు కూడా తట్టాడు. మన పాలసీల్లో పళ్ల వైద్యం చాలామటుకు ప్రమాదం జరిగితేనే వర్తిస్తుంది, ఎత్తుపళ్లు సరిచేయించుకుంటే పైసా రాదు. "సైకిల్ మీంచి పడిందని రాయమ్మా" అని డాక్టరమ్మను అడిగాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ పేరెత్తి బెదిరించాడు. "తీసుకెళ్లండి బాబాయిగారూ, ఖర్చు తక్కువే. కాకపోతే వెళ్లిన ప్రతిసారీ పిల్ల బడి, మీ ఆఫీసు రెండూ మానుకోవాలి" అంది. బెదిరింపుకు ఇలా దారి చెప్పేవాళ్లంటే బాబాయికి మొదట్నుంచీ పడదు.

తొమ్మిది వాయిదాలు గడియారంలా కట్టాడు. పదో నెల నుంచి అసలు మనిషి బయటపడ్డాడు.

నిజానికి ఆ నెల పెద్దకొడుకు ఇంజనీరింగ్ ఫీజు మీద పడింది. ఆ మాట డాక్టరమ్మకు చెబితే పోయేది. కానీ ఇరవై ఏడేళ్లపాటు జనం చెప్పిన సాకులు వింటూ వచ్చిన మనిషికి నిజం చెప్పి గడువు అడగడం నామోషీ. దాని బదులు ఆ సాకులే ఒక్కొక్కటి దులిపి బయటికి తీశాడు. మొదటి నెల ఫోన్‌లో యూపీఐ పనిచేయలేదు. రెండో నెల చెక్కు పుస్తకం అయిపోయింది. మూడో నెల రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేస్తే పిన్ని ఎత్తి "ఆయన స్నానం చేస్తున్నారమ్మా" అంది. మధ్యాహ్నం మూడింటికి. నాలుగో నెల నుంచి పిల్లను పిన్నితో పంపడం మొదలుపెట్టాడు. "డబ్బు సంగతి ఆయనకే తెలుసు" అనేది పిన్నికి నేర్పిన పాఠం. పిన్ని అంతవరకే నేర్చుకుంది. ఆ పైన ఒక్క ముక్క సొంతంగా కలిపేది: "ఆయనకు బాగా తెలుసు."

ఈ సాకులన్నీ ఆయన పాత వసూళ్ల డైరీల్లో ఉన్నాయి. ఎవరే తేదీన ఏం చెప్పారో ఎర్ర సిరాతో రాసిపెట్టుకున్న డైరీలవి. అటక మీది నుంచి దింపి చూస్తే ఒక పాత పేజీలో "స్నానంలో ఉన్నాడట, మధ్యాహ్నం 3 గం." అని కనబడింది. పక్కనే బాబాయి వ్యాఖ్య: "పచ్చి అబద్ధం."

క్లిప్పుల బాకీలో ఒక సుఖం ఉందని బాబాయి సిద్ధాంతం. "మా రోజుల్లో బాకీ కట్టకపోతే ఇంటి తలుపులు పీక్కొచ్చేవాళ్లం. క్లిప్పులు పీక్కుపోతారా?" పీక్కుపోరు. మంచి డాక్టరు మధ్యలో వదిలెయ్యరు కూడా. ఎందుకంటే తీగ లాగిన వైపు ఎముక కరుగుతుంది, వదిలిన వైపు కొత్త ఎముక పడుతుంది. అలా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు నడుస్తుంది. దారిలో వదిలేస్తే వెనక్కి మళ్లుతుంది. డాక్టరమ్మ ఈ సంగతి ప్లాస్టర్ దవడ బొమ్మ పట్టుకుని ఓపిగ్గా చెప్పింది. మొదట్లో వేసే సన్నటి తీగ నికెల్, టైటానియం కలిపిన లోహం. అమెరికా నౌకాదళం ప్రయోగశాలలో బయటపడితే 1970ల నుంచి పళ్ల వైద్యంలోకి వచ్చింది. ఎంత వంచినా దాని పాత వంపు దానికి గుర్తుంటుందట. అది విని రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్ వెనక నుంచి "తీగకే గుర్తుంది సార్" అంది.

బాబాయికి అసలు ప్రత్యర్థి ఈ అమ్మాయే. డాక్టరమ్మకు వరస కలిపాడు గానీ ఈమె "సార్" దాటి ఒక్క అంగుళం జరగలేదు. ఆమె దగ్గర పొడుగాటి నోటు పుస్తకం ఉంది, అందులో బాబాయికి ఒక పేజీ ఉంది. ప్రతి నెలా ఐదో తేదీన వాట్సాప్‌లో దండం పెట్టిన బొమ్మతో మెసేజ్ వస్తుంది. బాబాయి దానికి తిరిగి దండం పెడతాడు. నాలుగు నెలలు ఈ దండాలతోనే గడిచాయి.

మధ్యలో పిల్ల చెక్కలు కొరికి ఒక బ్రాకెట్ ఊడగొట్టుకుంది. మళ్లీ అంటించడానికి 300. "ఊడింది మీ జిగురు, మేమెందుకు కట్టాలి?" అని బాబాయి అక్కడే కోర్టు పెట్టాడు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన తీర్పు ఆయన నాలుక మీద ఉంటుంది. "అయితే ముందు డబ్బు ఇవ్వండి సార్, తర్వాత కేసు వేద్దురు" అంది ఆ అమ్మాయి. న్యాయంగా చెప్పాలంటే ఇక్కడ బాబాయి పక్షమే గట్టిది. ఆ చట్టం ప్రకారం డబ్బు పూర్తిగా కట్టకపోయినా, కడతానని మాట ఇచ్చినా వినియోగదారుడే. మాట ఇవ్వడంలో బాబాయికి ఎన్నడూ లోటు లేదు.

ఆ రోజే ఆయన ఒక గొప్ప పని చేశానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. జేబులోంచి ఐదు వందల నోటు తీసి, క్లినిక్ వాళ్ల గులాబీ రంగు కార్డు తిప్పి, వెనక ఇలా రాశాడు: "ఈ దినం రూ.500 (అక్షరాలా ఐదువందలు) చెల్లు." కింద తేదీ, పొడుగు సంతకం. ప్రోనోటు వెనక చెల్లు వేసినట్టే. రిసెప్షన్ అమ్మాయి అయోమయంగా చూస్తే పాఠం చెప్పాడు: "1963 నాటి కాలపరిమితి చట్టం అమ్మాయ్. బాకీకి మూడేళ్లే ప్రాణం. గడువు లోపల కొంత కట్టి సంతకం చేస్తే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. నీ బాకీకి ఆయుష్షు పోశాను." బాకీ వయసు అప్పటికి నాలుగు నెలలు. మూడేళ్ల సంగతి ఆ అమ్మాయి కలలో కూడా అనుకోలేదు. బాబాయి మనసులో ఏముందో మాత్రం ఆమెకు అప్పుడే అర్థమైంది.

తర్వాత రెండు నెలలు అసలు ఎవరూ వెళ్లలేదు. బాబాయి ఆ రోజుల్లో ఇంట్లో అందరికీ డాలస్‌లో ఉన్న మేనల్లుడి కథ చెప్పేవాడు. వాళ్లబ్బాయి క్లిప్పులకు ఆరు వేల డాలర్లయితే, బీమా వాళ్లు జన్మకంతా కలిపి పదిహేను వందలే ఇస్తామన్నారట, మిగతాది వాయిదాల్లో కడుతున్నాడట. మనవాళ్లు ఎంత చవగ్గా చేస్తారో చూడండని దాని సారాంశం. అంత చవకైనది కట్టరేం అని పిల్ల అడిగింది. బాబాయి పేపర్ తిరగేశాడు.

ఆ ఆదివారం పొద్దున వీధిలో స్కూటీ ఆగింది. కిటికీలోంచి చూస్తే రిసెప్షన్ అమ్మాయి. బాబాయికి అప్పుడు యాభై నాలుగేళ్లు, కుడి మోకాలు అరిగింది. అయినా పెరటి గోడ దూకాడు. పక్కింటివాళ్ల బంతిమొక్కల్లో పడ్డాడు.

ఆ అమ్మాయి వచ్చింది వసూలుకు కాదు. తెనాలిలో చుట్టాల గృహప్రవేశానికి వస్తూ, పిల్ల పళ్లకు తగిలించుకోవాల్సిన రబ్బరు రింగుల ప్యాకెట్ తెచ్చిచ్చింది. రెండు నెలలుగా రాలేదు కదా, అవి అయిపోయుంటాయని డాక్టరమ్మ పంపింది. పిన్ని కాఫీ ఇచ్చింది. "సార్ లేరా?" అంటే పిన్ని జీవితంలో మొదటిసారి నేర్పిన పాఠం వదిలేసి, "గోడవతల ఉన్నారమ్మా" అంది.

సోమవారం బాబాయి కుంటుతూ గుంటూరు వెళ్లాడు. ఉత్తచేతులతో వెళ్లలేదు, తెల్ల కాగితం మీద అర్జీ రాసుకెళ్లాడు. "విషయము: దంత చికిత్స బకాయి 11,500 రూపాయలు, వన్ టైమ్ సెటిల్‌మెంట్ కోరుట గురించి." అసలు ఎనిమిది వేలు కడతాడట, వడ్డీ పూర్తిగా మాఫీ చెయ్యాలట. "మేం వడ్డీ వెయ్యలేదు సార్" అంది రిసెప్షన్ అమ్మాయి. "వెయ్యలేదు కాబట్టి నీకు పోయేదేం లేదు. మాఫీ చేశామని రాసియ్యి" అన్నాడు.

డాక్టరమ్మ ఆ అర్జీ రెండుసార్లు చదివింది. "బాబాయిగారూ, అసలేమైంది?" అని అడిగింది. అప్పుడు చెప్పాడు: కొడుకు ఫీజు, పిన్ని గాజుల మీద తెచ్చిన బంగారం లోను, అన్నీ. ఐదు నిమిషాలు పట్టింది. ఇప్పుడు 6,000, క్లిప్పులు తీసేరోజు 5,500 అని తేలింది. ఊడిన బ్రాకెట్ 300 వదిలేసింది. తీసిన తర్వాత పెట్టుకోవాల్సిన రిటైనర్ ఇందులోనే అని అదే కార్డు మీద రాసి సంతకం పెట్టింది. పదో నెలలో అడిగినా ఇదే చేసేదాన్నని, క్లినిక్ కుర్చీ మీద తనకూ బ్యాంకులో నెల వాయిదా ఉందని, అది ఆగితే వాళ్లు అర్జీలు చదవరని కూడా చెప్పింది. కాగితం మీద వడ్డీ మాఫీ మాత్రం రాయలేదు. ఆ లోటు బాబాయికి ఇంకా ఉంది.

పిల్ల పళ్లు ఇప్పుడు వరసగా ఉన్నాయి. మొన్న అన్న పుట్టినరోజు ఫొటోలో ముందు వరసలో, చెయ్యి అడ్డం లేకుండా నిలబడింది. ఆ ఫొటో బాబాయి ఫోన్ తెర మీద ఉంది. ఎవరు కనబడ్డా చూపించి "నలభై రెండు వేలు" అంటాడు.

ఇంత తీరిగ్గా బాబాయిని రాస్తున్న వ్యాసకర్త సంగతి కూడా చెప్పాలి. ఆయన కొడుక్కీ అదే క్లినిక్‌లో క్లిప్పులు వేశారు. వాడు హోటల్లో రిటైనర్ పేపర్ న్యాప్‌కిన్‌లో చుట్టి పెట్టి, ప్లేటుతో పాటు వదిలేసి వచ్చాడు. కొత్తది చేయించినందుకు 3,500 బాకీ. ఐదు నెలలయింది. ఆ వీధిలో వెళ్లాల్సి వస్తే వ్యాసకర్త హెల్మెట్ తియ్యడు, ఎండాకాలమైనా సరే. ఐదో తేదీన దండం వస్తుంది, తిరిగి దండం పెడతాడు. ఈ శనివారం వెళ్లి మాట్లాడదామనుకుంటున్నాడు. బాబాయి తోడొస్తానన్నాడు. బస్సు చార్జీలు, భోజనం వ్యాసకర్తవి. తెల్ల కాగితం ఆయనే తెస్తాడట.