పద్దెనిమిది నెలల పండితుడికి డేకేర్ కావలెను

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో కడుపుతో ఉన్న సంగతి అత్తగారికి చెప్పేలోపే డేకేర్ వెయిట్‌లిస్టుకి చెప్పాలి. అత్తగారు అలిగితే బతిమాలుకోవచ్చు. వెయిట్‌లిస్టు అలా కాదు, తిరిగిరాని డిపాజిట్ కూడా పుచ్చుకుంటుంది.

ఇక డేకేర్ టూరు. వెళ్లిన దంపతులిద్దరివీ ఇంజనీరింగ్ బుర్రలే. ఊళ్లోనే తయారయ్యే టెస్లాని కొనడానికి నెలల తరబడి బ్యాటరీ పురాణం పారాయణ చేసినవాళ్లే. ఇక్కడ మాత్రం గోడకి కెమెరా, ఫోన్లో యాప్, గుమ్మం దగ్గర చేపల తొట్టి చూసి కరిగిపోతారు. "ఫోనిక్స్ ఎప్పుడు మొదలెడతారండీ?" అని అమ్మ. "మరి మ్యాథ్స్?" అని నాన్న. చంకలో ఉన్న అభ్యర్థి అప్పటికి తన ఎడమకాలి సాక్సు ఊడబీకి చప్పరిస్తుంటాడు. "మాండరిన్ కూడా ఉంది" అంటుంది డైరెక్టరమ్మ. ఇంకేం, చెక్కుబుక్కు బయటికొస్తుంది. తెలుగంటారా, దానికి మనబడి ఉందిగా!

అదే గదిలో ఓ మూల ఒకావిడ నేలమీద చతికిలబడి ఉంటుంది. ఒకడి ముక్కు తుడుస్తూ, దొర్లిపోతున్న ఇంకొకడి పాలసీసాని కాలితో ఆపుతూ, ఏడుపు లంకించుకున్న మూడోవాడితో పేరు పెట్టి కబుర్లు చెబుతూ. ఆవిడే డేకేర్, మిగతాదంతా పెయింటు. ఆవిడ ఇక్కడ ఎన్నాళ్లుగా ఉంది, ఎంతమందిని చూసుకుంటోంది, ఆవిడకి ఎంతిస్తున్నారు అని అడిగిన పాపాన ఎవరూ పోరు.

కాలిఫోర్నియా రూలు ప్రకారం సెంటర్లో నలుగురు పసివాళ్లకి ఒక టీచరుండాలి. ప్రీస్కూలు పిల్లలైతే పన్నెండు మందికి ఒకరు. నిద్రపోయే పసివాణ్ని పావుగంటకోసారి చూసి, చూసినట్టు రాసిపెట్టాలి. లోపల ఒక్కో బిడ్డకి 35 చదరపు అడుగుల చోటుండాలి (ఫ్రీమాంట్ రేట్లకి మనవాడి వాటాకొచ్చే మొదటి స్థలం అదే). తనిఖీకి వెళ్లినవాళ్లు రాసిన రిపోర్టుల్ని రాష్ట్ర సోషల్ సర్వీసెస్ శాఖ అందరూ చూసేలా ఆన్‌లైన్లో పెడుతుంది. తప్పు తీవ్రమైనదైతే టైప్ ఏ, కాకపోతే టైప్ బి. చదవడానికి పైసా అక్కర్లేదు. బహుశా అందుకే మనకి నమ్మకం కుదరదు. పిల్లలున్న వేళ చెప్పాపెట్టకుండా లోపలికెళ్లి చూసే హక్కూ చట్టం ఇచ్చింది. మనం మాత్రం వాళ్లిచ్చిన టైముకి పెళ్లిచూపులకి వెళ్లినట్టు వెళ్లి, వాళ్లు చూపించినంత మేర చూసి వస్తాం.

బోర్డు మీద మాంటిస్సోరీ అని ఉంటే మరీ నిశ్చింత. అమెరికాలో ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని 1967లోనే తేల్చేశారు. ఎవరైనా తగిలించుకోవచ్చు. 1939లో మద్రాసు అడయారుకొచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చిన ఆ మాంటిస్సోరీ మహాతల్లి, తన పేరుకి పెయింటరొక్కడు చాలని తెలిస్తే అంత దూరం వచ్చేదే కాదు.

ఫీజు విని గుండె గుభేల్మన్నవాళ్లకి ఆంటీ ఉంది. వాట్సాప్‌లో తప్ప ఇంకెక్కడా కనపడని ఆంటీ. పప్పన్నం పెడుతుంది, తెలుగు మాట్లాడుతుంది. తన పిల్లలు కాక మరొక్క కుటుంబం పిల్లల్ని చూస్తే లైసెన్సు అక్కర్లేదు. రెండో కుటుంబం చేరిందా, కావాలి. గుమ్మంలో బుల్లి చెప్పులు బారులు తీరి ఉంటాయి, లోపల పొద్దస్తమానం కోకోమెలన్. "ఆంటీ మనవాళ్లేనండీ!" అదే లైసెన్సు నంబరు. పద్ధతిగా లైసెన్సు తీసుకుని నడిపే ఆంటీలూ ఉన్నారు. నాలుగు డాలర్లు ఎక్కువడుగుతారని వాళ్ల గడప తొక్కం.

ఏదీ కుదరకపోతే తెనాలి నుంచి అమ్మానాన్న, ఆర్నెల్లకి కరీంనగర్ నుంచి అత్తామామ. పిల్లాడొక్కడు, టీచర్లిద్దరు, ఫీజు సున్నా. యోసెమిటీ చూపిస్తామని రప్పించి, స్ట్రోలరు చేతికిచ్చి లేక్ ఎలిజబెత్ చుట్టూ తిప్పిస్తాం. వీళ్లు ఎక్కే విమానానికీ వాళ్లు దిగే విమానానికీ మధ్య ఒక్క పనిదినం ఖాళీ రానివ్వని ప్లానింగు ఆఫీసులో చూపిస్తే ఈపాటికి డైరెక్టర్లం అయ్యేవాళ్లం.

ఆ నేలమీద కూచున్నావిడ జీతం సంగతి కౌంటీకి మాత్రం తట్టింది. 2020 మార్చిలో ఫ్రీమాంట్ ఉన్న అలమీడా కౌంటీ ఓటర్లు పిల్లల సంరక్షణకీ, అందులో పనిచేసేవాళ్ల జీతాలకీ అరసెంటు అమ్మకం పన్ను ఒప్పుకున్నారు. దాని పేరు మెజర్ సి. దానిమీద వ్యాజ్యాలు ఏళ్లపాటు నడిచాయి. ఆ మార్చిలో పుట్టిన పిల్లలు డైపర్లు విడిచి, డేకేర్ దాటి, కిండర్‌గార్టెన్‌కి వెళ్లిపోయారు. ఈలోగా ఎందరు టీచర్లు ఈ ఊరి అద్దెలు కట్టలేక వేరే పని చూసుకున్నారో.

ఆవిడ మానేసిన రోజు యాప్‌లో బెలూన్ల బొమ్మతో కబురొస్తుంది: "మా కొత్త టీచర్‌కి స్వాగతం!" దాన్ని మనం చదవం. పిల్లాడు వారంపాటు గుమ్మం పట్టుకుని ఏడిస్తే, పళ్లొస్తున్నాయేమో అనుకుంటాం. దాని కిందే వచ్చే నెల నుంచి ఫీజు యాభై డాలర్లు పెరుగుతుందని ఉంటుంది. అది మాత్రం చదువుతాం. ఆ రాత్రే డైరెక్టరమ్మకి నాలుగు పేరాల మెయిలు వెళ్తుంది, "క్వాలిటీ" గురించి.