సుభద్ర చేయి

నేను సుభద్రను. మేకతోలుతో చేసిన బొమ్మను. సామర్లకోట మండలం మాధవపట్నంలో, తోలుబొమ్మలాటే బతుకైన ఇంట్లో పుట్టాను.

తోలును వేడినీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకేసి, నాలుగువైపులా లాగి ఎండబెట్టారు. వెలుగు ఇటునుంచి అటు కనబడేంత పలచబడ్డాక నన్ను గీసి, రెండువైపులా రంగులద్దారు. తర్వాత ఉలి పట్టి చుక్కచుక్కగా తొలిచారు. నా కంటె, వంకీలు, చీర అంచు అన్నీ ఆ చిల్లులే. వెనక దీపం పెడితే వాటిలోంచి వచ్చే వెలుగే నా బంగారం. భుజం, మోచేయి, మణికట్టు విడివిడిగా కోసి దారంతో ముడేశారు. ముఖం మాత్రం ఒకటే ముక్క. నవ్వాల్సివచ్చినా ఏడవాల్సివచ్చినా అది మారదు.

ఆ మారని ముఖంతో ఏడవడం నాకు నేర్పింది నన్నాడించిన ఇల్లాలు. మా మేళంలో ఆడపాత్రలకు గొంతు ఆడవాళ్లదే. పద్మవ్యూహం కథలో నా కొడుకు అభిమన్యుడు యుద్ధానికి పోతూ నా కాళ్లకు మొక్కుతాడు. వాడు తిరిగి రాడని తెర ముందు కూర్చున్న చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె నా చేయి గబుక్కున ఎత్తేది కాదు. మోచేతి దాకా లేపి, కాసేపు ఆపి, మణికట్టు వాల్చి, అప్పుడు వాడి తల మీద పెట్టేది. తెర అవతల ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకునేవారు.

ఒక శివరాత్రి నాకు బాగా గుర్తు. సామర్లకోట భీమేశ్వరుడి గుడికి వచ్చిన జనం జాగారం చేస్తున్న రాత్రి. పక్క ఊళ్లో మా ఆట. ఆమెకు మూడు నెలల చంటిపిల్ల. తెర వెనక గుంజకు చీర ఉయ్యాల కట్టి, తాడు కాలికి చుట్టుకుంది. సరిగ్గా దీవెన పద్యం దగ్గర పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆపడానికి లేదు. పాలు చేపి రవిక తడిసిపోయింది. కాలితో ఉయ్యాల ఊపుతూనే పద్యం అందుకుంది. నా పుల్ల పట్టుకున్న ఆమె చేయి వణికింది. తెర మీద నా చేయి వణికింది. సుభద్ర వణికిందనుకున్నారు జనం.

ఆ చంటిపిల్లే పెద్దదై చిత్రకళ చదువుకుంది. ఒకరోజు ఫోన్‌లో, బిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి బొమ్మ తెచ్చి అమ్మకు చూపించింది. బార్సిలోనాలో 1933లో పుట్టి, 2015లో కన్నుమూసిన మోన్‌సెర్రాట్ గుదియోల్ అనే చిత్రకారిణిదట. కాటలోనియాలోని సాంట్ జోర్డి లలితకళా అకాడమీలో 1981లో సభ్యురాలైన తొలి మహిళ. రంగుల చిత్రాలతో పాటు, కాగితం మీద అచ్చొత్తే లితోగ్రాఫులూ చేసింది. ఆమె గీసిన ఆడవాళ్ల ముఖాలు పాలిపోయి ఉంటాయి. వేళ్లు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. వెనక ఇల్లూ వాకిలీ ఏమీ ఉండదు.

"బిడ్డను ఎత్తుకుని కూడా అంత దిగులుగా ఉందేంటమ్మా?" అనడిగింది పిల్ల.

"ఎత్తుకుంది గనకేనే, అమ్మలూ" అంది తల్లి.

గోడకు వేలాడుతూ నేను విన్నాను. ఆ కాగితం తల్లికి నగలూ లేవు, వెనక దీపమూ లేదు. అయినా నాకు చుట్టమే అనిపించింది. మా ఇద్దరి దిగులూ చేతుల్లోనే ఉంది. ప్రాణంగా ప్రేమించిన బిడ్డను పొదువుకున్న చేయే, ఏదో ఒకనాడు వాణ్ణి పంపించాలి కూడా. ఆ బరువు సుభద్రకుంది, బార్సిలోనా తల్లికుంది, ఉయ్యాల తాడు కాలికి కట్టుకున్న మా ఇల్లాలికీ ఉంది.

ఇప్పుడు ఆటలు తగ్గిపోయాయి. నా తర్వాత పుట్టిన బొమ్మలు దీపాల తొడుగులై అమ్ముడుపోతున్నాయి. కూడు పెడుతుంది కాబట్టి తప్పనను. కానీ నా చేయి కదిలితేనే నేను తల్లిని. మీ ఊరి జాతరకు మా మేళాన్ని ఒక్కసారి పిలవండి. పద్మవ్యూహం ఆడమనండి. సుభద్ర చేయి ఎత్తేటప్పుడు కళ్లు తిప్పకండి.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో బాలింత పిల్లను ఒళ్లో పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చుంటే, "పండంటి బిడ్డ పుట్టాక ఇంకేం దిగులు?" అనకండి. పక్కన కూర్చోండి. కాసేపు ఆ ఉయ్యాల మీరు ఊపండి.