ఆఫీసుకి పది నిమిషాలే!

హైదరాబాదులో అద్దె ఇళ్ళన్నీ ఆఫీసుకి పది నిమిషాల దూరంలోనే ఉంటాయి. నిజాంపేట నుంచి పది నిమిషాలు. బాచుపల్లి నుంచి పది నిమిషాలు. తెల్లాపూర్ నుంచీ అంతే, అత్తాపూర్ నుంచీ అంతే. ఏ ఆఫీసుకి అని అడక్కండి, ఏ ఆఫీసుకైనా అంతే. ఉద్యోగం వచ్చి రాజమండ్రి నుంచో కరీంనగర్ నుంచో బ్యాగు సర్దుకుని దిగిన కుర్రాళ్ళకీ, బదిలీ మీద బెంగళూరు నుంచి పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన దంపతులకీ ఈ నగరం ఇచ్చే మొట్టమొదటి హామీ ఇదే. బ్రోకరు ఇస్తాడు, ఓనరు ఇస్తాడు, బిల్డరు హోర్డింగు మీద రాయించి మరీ ఇస్తాడు. ఇంతమంది తెలుగువాళ్ళు ఒకే మాట మీద నిలబడ్డ సందర్భం చరిత్రలో ఇంకొకటి ఉందా అంటే అనుమానమే.

లెక్క చూద్దాం. బాచుపల్లి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకి అటూ ఇటూగా ఇరవై కిలోమీటర్లు. పది నిమిషాల్లో చేరాలంటే గంటకి 120 కిలోమీటర్ల వేగంతో పోవాలి. ఔటర్ రింగు రోడ్డు మీద కారుకి అనుమతించే గరిష్ఠ వేగం కూడా అంతే. అంటే మీ అపార్ట్‌మెంటు సెల్లార్లోంచి ఆఫీసు బేస్‌మెంటు దాకా, మధ్యలో ఎక్కడా బ్రేకు మీద కాలు వెయ్యకుండా, కూరగాయల బండినీ స్కూలు బస్సునీ యూటర్న్ తీసుకుంటున్న నీళ్ళ ట్యాంకర్నీ పైనుంచి దాటుకుంటూ వెళ్ళాలన్నమాట.

రుజువు కావాలంటారా? బ్రోకరు దగ్గర అదీ ఉంది. మిమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్తాడు. నీళ్ళ ట్యాంకుల మధ్య నిలబెట్టి, తీగ మీద ఆరేసిన దుప్పటి పక్కకి జరిపి, చెయ్యి చాపుతాడు. “అగో సార్, ఆ గ్లాస్ బిల్డింగ్ కనవడ్తున్నదా? దాని ఎన్కనే మీ ఆఫీస్. బండి మీద పది నిమిషాలు, గంతే.” కనబడుతూనే ఉంటుంది. ఆ లెక్కన చందమామ కూడా దగ్గరే. ఇది అచ్చమైన కాకిలెక్క. కాకికైతే పది నిమిషాలు చాలు. అద్దె కట్టేది మాత్రం మీరు.

ఇల్లు చూసే ముహూర్తం కూడా ఈ హామీకి తగ్గట్టే కుదురుతుంది. సెలవు రోజు కాబట్టి అందరూ ఆదివారమే చూస్తారు. పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉంటాయి, సిగ్నళ్ళు పసుపుపచ్చగా ఆరుతూ వెలుగుతుంటాయి, బ్రోకరు బండి గాల్లో తేలిపోతుంది. వెనక కూర్చున్నవాడికి గాలి తగిలి, ఊరు నచ్చి, అక్కడికక్కడే ఫోన్లోంచి టోకెన్ అడ్వాన్సు కొట్టేస్తాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక సోమవారం తొమ్మిదింటికి బయల్దేరండి. సందులోంచి నిజాంపేట రోడ్డు మీదికి వచ్చేసరికే మీ పది నిమిషాలు చెల్లిపోతాయి. అలాగని బ్రోకరు మాట తప్పలేదు. ఆ పది నిమిషాలూ ఎక్కడిదాకా అని మీరు అడగలేదు, అంతే. అక్కణ్ణుంచి జేఎన్‌టీయూ సిగ్నలు దాటాలి, హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దగ్గర పట్టాల కింద దూరాలి, సైబర్ టవర్స్ దగ్గర జనసముద్రంలో పడాలి, మైండ్‌స్పేస్ దాటి ఐకియా ముందుకి తేలాలి. అక్కడ బైకులు ఫుట్‌పాత్ మీదా, మనుషులు రోడ్డు మీదా నడుస్తుంటారు. పక్క క్యాబ్‌లో మెడకి ఐడీ కార్డు తగిలించుకున్న కుర్రాడు ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచి, “యామ్ ఐ ఆడిబుల్?” అని మీటింగులో అడుగుతుంటాడు. వాడి మాట సంగతేమో గానీ, ముందున్న ఆటో హారన్ బెంగళూరులో మేనేజరుకి శుభ్రంగా వినబడుతుంటుంది. ఇంకా బయోడైవర్సిటీ కూడలి ఉంది, గచ్చిబౌలి ఉంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు ఆ తర్వాతి మాట.

“హైటెక్ సిటీకి దగ్గర” అనే మాటకి 1998లో ఒక అర్థం ఉండేది. ఆ ఏడాది మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు హైటెక్ సిటీ అంటే ఆ ఒక్క భవనమే. తర్వాత ఆఫీసులు గచ్చిబౌలికి, అక్కణ్ణుంచి నానక్‌రామ్‌గూడకి, కోకాపేటకి పడమటి దారి పట్టాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఆఫీసులు అంత దూరం నడిచిపోయినా హోర్డింగు మీద పది నిమిషాలు మాత్రం పదకొండు కాలేదు.

మెట్రో ఉందిగా అంటారు. ఉంది. 2019 నవంబరులో రాయదుర్గం దాకా వచ్చి, అక్కడ ఆగింది. గచ్చిబౌలి వైపు వెళ్ళాల్సిన రైలు ఇప్పటికి ప్రతిపాదనల్లోనే నడుస్తోంది. “మెట్రోకి నడిచే దూరం” అన్న ప్రకటన చూసి మియాపూర్‌లో ఇల్లు తీసుకున్నవాడు, ఆఫీసు పడమట ఉంటే ముందు అమీర్‌పేట దాకా తూర్పుకి పోయి, అక్కడ రైలు మారి, మళ్ళీ పడమటికొచ్చి రాయదుర్గంలో దిగుతాడు. దిగి ఏంచేస్తాడు? షేర్ ఆటో కోసం నిలబడతాడు. మెట్రో ఇంటికి పక్కనే ఉన్నమాట నిజమే. ఆఫీసు పక్కన ఉందా అన్నది ఎవడూ అడగడు.

బ్రోకరు మాట నమ్మనివాళ్ళు చుట్టాల మాట నమ్ముతారు. అది ఇంకో అధ్యాయం. విజయవాడ రోడ్డు వాళ్ళు ఎల్బీ నగర్, వనస్థలిపురం అంటారు. వరంగల్ వైపు వాళ్ళకి ఉప్పల్, కరీంనగర్ వైపు వాళ్ళకి అల్వాల్. గోదావరి జిల్లాల బాబాయి మాత్రం “కేపీహెచ్‌బీలో దిగరా, మనోళ్ళంతా ఇక్కడే. ఆఫీసా? పది నిమిషాలు!” అని కుటుంబ గౌరవం మీద ప్రమాణం చేస్తాడు. దీని వెనకున్న సిద్ధాంతం, సంక్రాంతికి ఊరి బస్సు ఎక్కడం సులువని. ఏడాదికి మహా అయితే నాలుగుసార్లు వెళ్ళే ఊరి దారి చూసుకుని, రెండువందల పైచిలుకు సార్లు వెళ్ళే ఆఫీసు దారిని గాలికొదిలేసే జాతి మనది. ఎల్బీ నగర్లో కాపురం, కోకాపేటలో కొలువు పెట్టుకున్నవాడికి రోజూ సంక్రాంతి ప్రయాణమే.

“ఆఫీసు పక్కన అద్దెలు మండిపోతున్నాయండీ, దూరంగా ఉంటే ఎంతో కొంత మిగులుతుంది” అని లెక్క తెలిసినవాళ్ళు వాదిస్తారు. సరే, నెలకి 8,000 రూపాయలు మిగిలిందనుకుందాం. రానూపోనూ రోజుకి రెండు గంటలు అదనంగా పోయిందనుకుందాం. 22 పనిదినాలకి 44 గంటలు. నెలలో ఒక నిండు పనివారం కన్నా ఎక్కువసేపు క్లచ్ మీదే కాలు. అంటే గంటకి మిగిలింది 182 రూపాయలు. అందులోంచి పెట్రోలు, సర్వీసింగు, నడుము నొప్పికి వేసుకునే బెల్టు తీసేయండి. హైక్ రెండు శాతం తగ్గిందని రాజీనామా మెయిల్ రాసే మనిషి తన బతుకులో గంటని ఇంత చవగ్గా అమ్ముకుంటున్నాడు, పైగా మిగిల్చానని చెప్పుకుంటున్నాడు. అద్దె కట్టలేక దూరం పోయేవాళ్ళని నేనేమీ అనను. వాళ్ళకి దూరం ఎంతో, ఎందుకో బాగా తెలుసు. కట్టగలిగి కూడా పది నిమిషాల మాట నమ్మి పోయేవాళ్ళ గురించే ఈ గోల.

ఇంత జరుగుతున్నా ఓనరు మాత్రం ఎవరి మాటా నమ్ముకుని ఇల్లివ్వడు. అతనిది నిశితమైన పరిశోధన. కంపెనీ ఏది, జీతమెంత, పేస్లిప్ ఉందా, పెళ్ళయిందా, కాకపోతే ఎప్పుడవుతుంది, చుట్టాలెంతమంది వస్తారు, వస్తే ఎన్నాళ్ళుంటారు, కోడికూర వండుతారా, వండితే కిటికీ వేస్తారా. ఆ తర్వాత అసలు ప్రశ్న నాజూగ్గా వస్తుంది: “ఇంటిపేరేమన్నారు బాబూ?” ఇంటిపేరు చెప్పగానే ఆ పోర్షన్ ఖాళీగా ఉందో, “అయ్యో, నిన్ననే ఎవరో టోకెన్ ఇచ్చారే” అయిందో తేలిపోతుంది. ముస్లిం పేరైతే గేటు దగ్గరే తేలిపోతుంది. ఒంటరిగా ఉండే ఆడపిల్లయితే ఇంటికి తిరిగొచ్చే వేళ కూడా అగ్రిమెంట్లో రాయించుకునేలా మాట్లాడతారు. ఇంత వడపోత తర్వాత మిగిలినదాని పేరు “డీసెంట్ లొకాలిటీ”.

పరీక్ష ముగించి ఓనరు ఉదారంగా అడుగుతాడు, “మీరేమైనా అడగాలా?” అని. మనవాడు గొంతు సవరించుకుని, “పార్కింగ్ ఉందా అంకుల్?” అంటాడు. అక్కడితో అద్దెదారు విచారణ సమాప్తం. 11 నెలల అగ్రిమెంటు మీద సంతకం పెడతాడు. రిజిస్ట్రేషన్ బాధ తప్పుతుందన్న నమ్మకంతో ఆ పదకొండు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకి ఒక నెల అద్దె కోస్తామన్న షరతు చదవడు. ఇళ్ళకి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం రాసింది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది నమూనాయే. ఓనర్లు దాన్ని ఆ గౌరవంతోనే చూస్తున్నారు.

మనవాడు అడగని ప్రశ్నలు చాలా ఉన్నాయి. మంజీరా నీళ్ళ కనెక్షన్ ఉందా, బోరేనా? ఏప్రిల్లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిపారా, విడిగా పంచుతారా? వాన పడితే వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి? 2016 సెప్టెంబరు వానలకి నిజాంపేట బండారి లేఅవుట్ అపార్ట్‌మెంట్లు నీళ్ళలో నిలబడ్డాయి. 2020 అక్టోబరులో టోలిచౌకి నదీమ్ కాలనీ మునిగింది. చెరువు శిఖంలో కట్టిన ఇంటికి “లేక్ వ్యూ” అని అదనంగా అద్దె కట్టి, వానాకాలంలో ఆ లేకు సెల్లార్లోకి వచ్చి మన కారుని చూసిపోతే ఎవరిని తిట్టుకోవాలి? డాబా మీద రేకులేసిన గదిని “పెంట్‌హౌస్” అని చెబితే తలూపిన మనల్ని మనమే తిట్టుకోవాలి.

ఈ పది నిమిషాల అబద్ధం ఇంతకాలం బతకడానికి మోసం ఒక్కటే కారణం కాదు. దాంతో అందరికీ పని ఉంది. బ్రోకరుకి కమీషను, ఓనరుకి అద్దె, బిల్డరుకి బుకింగు. అద్దెకి వచ్చేవాడికి కూడా ఇళ్ళు చూసీ చూసీ విసుగొచ్చి, ఏదో ఒక మాట నమ్మేసి నిద్రపోవాలని ఉంటుంది. ఆర్నెల్లు తిరిగాక వాడే ఊళ్ళో వాళ్ళకి ఫోన్లో చెబుతాడు: “పర్లేదురా, ఆఫీసు దగ్గరే. ట్రాఫిక్ లేకపోతే పది నిమిషాలు.” అబద్ధానికి కొత్త ఏజెంటు దొరికాడు.

కాబట్టి కొత్తగా ఊళ్ళోకి దిగేవాళ్ళకి ఒక మనవి. మొదటి నెల ఆఫీసు దగ్గర ఏ పీజీలోనో సర్దుకోండి. ఇల్లు ఆదివారం చూసినా, దారిని సోమవారం తొమ్మిదింటికి చూడండి, మళ్ళీ సాయంత్రం ఆరున్నరకి చూడండి. నీళ్ళ సంగతి ఓనర్ని వదిలేసి వాచ్‌మన్‌ని, వాన సంగతి వీధి చివర కిరాణా కొట్టు ఆయన్ని అడగండి. అప్పుడే టోకెన్ ఇవ్వండి. అప్పటికీ మీ బ్రోకరు మిమ్మల్ని ఇంటి గేటు నుంచి ఆఫీసు కుర్చీ దాకా నిజంగా పది నిమిషాల్లో చేర్చాడంటే, బేరమాడకుండా రెండు నెలల కమీషను చేతిలో పెట్టండి. ఆ మాత్రం ధైర్యంగా మాటివ్వొచ్చు, మీ డబ్బుకేం ఢోకా లేదు.