నావూ ఊరి సగం ఎద్దు

నేను ఎద్దునే గానీ పూర్తి ఎద్దును కాను. తల, భుజాలు, ముందరి కాళ్లు, అంతే. మిగతా ఒళ్లు తొట్టి కిందకి పోతుంది, ఎవరు చూడొచ్చారని చెక్కనే లేదు.

అమెరికాలో మిసిసిపీ ఒడ్డున, ఇల్లినాయి రాష్ట్రంలో నావూ అని ఓ ఊరు. అక్కడ మార్మన్ల గుడి నేలమాళిగలో పన్నెండుమందిమి, చనిపోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు మునిగే బాప్తిస్మపు తొట్టిని మోశాం. మాకంటే ముందు, 1841లో, పైన్ చెక్క ఎద్దులుండేవి. ఆ ప్రాంతంలోకెల్లా అందమైన అయిదేళ్ల ఎద్దును చూసి చెక్కారట. నీళ్లకు చెక్క కంపు కొట్టడంతో రాతితో చెక్కిన మమ్మల్ని తెచ్చారు.

మేం ఎద్దులం కాదట, ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలమట. సొలొమోను మందిరంలోనూ పన్నెండు ఎద్దులే మరి. తొట్టి సమాధికి పోలిక, అందుకే బతికున్నవాళ్లు కూడే చోటుకి కింద ఉండాలని 1842లో మార్మన్ల ప్రవక్త జోసెఫ్ స్మిత్ ఉత్తరం రాశాడు. సరే, అంతా పోలికే కాబోలు అనుకుంటే, అదే ఉత్తరంలో చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం పొల్లుపోకుండా రాయాలన్నాడు, కళ్లారా చూసిన లేఖకుడు ఉండి తీరాలన్నాడు. గతించిన తాతకోసం మనవడు నిజం నీళ్లలోనే మునగాలి. సమాధేమో ఉత్తుత్తిది, చిట్టా మాత్రం అసలుది! చెక్క అన్నల మీద మునిగి లేచినవాళ్లెవరికీ ఇందులో తిరకాసు కనబడినట్టు లేదు. నాకే ఈ వెర్రి ఆలోచనలు.

మా పని ఊపందుకునేలోపే, 1846లో, మార్మన్లను తరిమితే పడమటి దారి పట్టారు. తర్వాత వచ్చినవాళ్లకు గోత్రాలతో పనేముంది? వింత చూడ్డానికి వచ్చేవారు. చెయ్యి ముందు నా ముక్కు మీద పడేది, తర్వాత చెవి మీద, ఆ తర్వాత రాయి పుచ్చుకుని టకటకా. ఒకడికి కొమ్ము ముక్క, ఇంకొకడికి చెవి కొస, ఇంటికి తీసుకెళ్లి చూపించుకోవడానికి. నన్ను ఉత్త ఎద్దుగా చూసినవాళ్లు వీళ్లే. ఎద్దునైనా ఇలా చూడరు.

1848లో ఎవరో గుడికి నిప్పుపెట్టారు. 1850లో సుడిగాలి ఓ గోడ కూల్చింది. మిగిలిన రాళ్లను ఊరివాళ్లు ఇళ్లకు మోసుకుపోయారు. 1960లలో తవ్వకాలవాళ్లకు మా ముక్కలు దొరికాయి. 2002లో అదే చోట కొత్త గుడి లేచింది, కొత్త ఎద్దులూ వచ్చాయి.

చనిపోయిన ప్రతివాడి పేరూ చిట్టాకెక్కించారు గదా, నేను రూబేనునో యూదానో ఒక్కరూ నాతో చెప్పిన పాపాన పోలేదు.