కరువుకు ఈఎంఐ సౌకర్యం కలదు

పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడేసరికి మన ఊళ్ళలో మూడు రకాల ఫ్లెక్సీలు లేస్తాయి. మొదటిది నగల దుకాణం వాళ్ళది, తరుగు లేదంటుంది. రెండోది చీరల దుకాణం వాళ్ళది, సగానికి సగం తగ్గించామంటుంది. ఈ రెండు ఆఫర్లనూ కలిపి మనిషికి వర్తింపజేసింది మూడోది. "21 రోజుల్లో 10 కిలోలు! జిమ్ లేదు, మందుల్లేవు, సర్జరీ లేదు!" కింద చిన్నక్షరాల్లో "ఈఎంఐ సౌకర్యం కలదు". నగకు లేని తరుగు పెళ్ళికూతురికి గ్యారంటీ అన్నమాట.

నాకు లెక్కలంటే పెద్ద ప్రేమ లేదు గానీ, ఆ ఫ్లెక్సీ ఉన్నచోట సిగ్నల్ పడితే ఓ పట్టాన వదలదు. కూర్చుని లెక్కేశాను. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. పది కిలోలకు 77,000. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళ లెక్క ప్రకారం 55 కిలోల బరువుండి కూర్చుని పనిచేసుకునే ఆడమనిషికి రోజుకు కావలసింది 1,660 కేలరీలు. అంటే ఆ అమ్మాయి 21 రోజులూ మెతుకు ముట్టకుండా కూర్చున్నా పడే లోటు 35,000కు లోపే. కొవ్వు లెక్కన నాలుగున్నర కిలోలు. ముక్కోటి ఏకాదశిని మూడు వారాలకు సాగదీసినా అంతకు మించి కరగదు. బరువెక్కువున్నవాళ్ళకు ఖర్చూ ఎక్కువే అని ఆ వెసులుబాటు ఇచ్చి చూసినా పదికి అందదు. మరి మిగతా కిలోలు ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తున్నారు? చూపిస్తున్న మాట మాత్రం నిజం. కాటా అబద్ధం చెప్పదు.

ప్యాకేజీలో ఏమిస్తారో కూడా కనుక్కున్నాను. పొద్దున్నే జీలకర్ర నీళ్ళు. ఎనిమిదింటికి గుడ్డులో తెల్లసొన, పచ్చసొన పక్కింటివాళ్ళకు. మధ్యాహ్నం కీరదోస ముక్కలు, చిన్న గిన్నెడు పప్పు, అన్నం లేకుండా. సాయంత్రం గ్రీన్ టీ. రాత్రికి సూప్, అందులో కూరగాయ ఎక్కడుందో గరిటె పెట్టి వెతుక్కోవాలి. ఆకలేస్తే? "అది ఆకలి కాదు మేడమ్, దాహం" అని కోచ్ గారి వాట్సాప్ మెసేజ్, దండం పెట్టే బొమ్మతో సహా. అంతా కూడితే 700, మహా అయితే 800 కేలరీలు.

అదే తార్నాక వాళ్ళు, వారానికి అరకిలో తగ్గితే క్షేమమనీ, బరువు తగ్గడానికి తినే తిండైనా రోజుకు వెయ్యి కేలరీలకు తగ్గకూడదనీ తమ మార్గదర్శకాల్లో రాసిపెట్టారు. అరకిలో! అరకిలో చొప్పున పది కిలోలు తగ్గాలంటే 20 వారాలు. నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య అంత గడువిస్తే వియ్యాలవారు పెట్టుపోతల సంగతి మళ్ళీ మొదట్నుంచీ మాట్లాడుకోరూ? అందుకే సర్కారు వారి సలహాకు ఫ్లెక్సీ లేదు.

కోచ్ గారి 800కు మన గడ్డ మీదే ఒక పూర్వీకుడున్నాడు. తలచుకోకపోతే కృతఘ్నత. పేరు సర్ రిచర్డ్ టెంపుల్. 1876-78 నాటి కరువు, మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్నది, బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్ని ఊడ్చేస్తున్నప్పుడు వైస్రాయ్ లిట్టన్ ఆయన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు, ఖర్చు తగ్గించి రమ్మని. అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. పైవాళ్ళు మెచ్చుకున్నారా? దుబారా మనిషన్నారు. ఆయన పాఠం నేర్చుకున్నాడు. 1877లో కరువు పనుల్లో చేరిన మగకూలీకి రోజుకు ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, ఈ తిండితో పని చేయించడం మనుషుల్ని చంపుకోవడమేనన్న ధోరణిలో గట్టిగా ఎదురుతిరిగాడు. కొన్ని నెలలకే కూలీ పెంచక తప్పలేదు.

పౌను గింజలంటే సుమారు 450 గ్రాములు, అంటే ఓ 1,600 కేలరీలు. చరిత్రకారులు ఇవాళ్టికీ ఆ అంకె చూపించి దొరల కర్కశత్వాన్ని తిడతారు. మన కోచ్ గారు అందులో సగమే ఇస్తాడు, దానికి వెల్‌నెస్ అని పేరు పెడతాడు, వేలల్లో ఫీజు తీసుకుంటాడు, పోతూపోతూ గూగుల్‌లో అయిదు నక్షత్రాలు కూడా వేయించుకుంటాడు. పాపం టెంపుల్ దొర తొందరపడి పుట్టాడు. ఇప్పుడుంటే జూబ్లీహిల్స్‌లోనే మూడు బ్రాంచీలుండేవి. కరువు కూలీ ఎండలో మట్టి మోయాలి, మా అమ్మాయి ఏసీలో కూర్చుంటుంది కదా అంటారేమో. సంగీత్ కోసం రోజుకు రెండు గంటల డాన్సు ప్రాక్టీసుందండీ, మరిచిపోయారు.

అమెరికావాళ్ళు ఇదే పనిని శాస్త్రీయంగా చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యూరప్‌లో ఆకలితో మాడినవాళ్ళకు తిరిగి తిండెలా పెట్టాలో తెలుసుకోవాలని, ఆన్సెల్ కీస్ అనే ఆయన 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం పెట్టాడు. యుద్ధంలో తుపాకీ పట్టబోమన్న 36 మంది కుర్రాళ్ళు తామై ముందుకొచ్చారు. ఆరు నెలలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీలు: బ్రెడ్డు, బంగాళాదుంపలు, మెకరోని. ఒంట్లో నాలుగో వంతు బరువు పోయింది. నాడి నెమ్మదించింది, ఎండాకాలంలో కూడా చలేసింది, ఆడపిల్లల మీద ధ్యాస పోయింది, తిండి మీద ధ్యాస తప్ప ఏదీ మిగల్లేదు. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసి, పడుకునే ముందు నవలలా చదువుకున్నారట. కంచాలు నాకారు. ఒకడైతే గొడ్డలితో మూడు వేళ్ళు తెగ్గొట్టుకున్నాడు. కావాలని చేశాడో చేతకాక చేశాడో తనకే తెలియలేదన్నాడు.

మన పెళ్ళికూతుళ్ళు అర్ధరాత్రి దుప్పటి కప్పుకుని ఫోన్లో బిర్యానీ దమ్ము తీసే వీడియోలు ఎందుకు చూస్తున్నారో ఇప్పుడు తెలిసింది కదా. వాళ్ళకు తిండి యావ ఎక్కువైందని కోచ్ గారు "మైండ్‌సెట్ సెషన్" పెడుతున్నాడు, దానికి ఫీజు వేరు. మిన్నెసోటా కుర్రాళ్ళకు మైండ్‌సెట్ లోపమేమీ లేదు. జైలుకైనా పోతాం గానీ మనిషిని చంపబోమని నిలబడ్డ గట్టి పిండాలు వాళ్ళు. తుపాకీకి లొంగనివాళ్ళు బంగాళాదుంపకు లొంగారు.

ఇంతకీ ఆ మిగతా కిలోల సంగతి. తిండి తగ్గించగానే ఒళ్ళు బుద్ధిగా పొట్ట దగ్గరికెళ్ళి, అక్కడి నిల్వలోంచి తీసి వాడుకుంటుందని మనకో అమాయకపు నమ్మకం. ఒళ్ళు నడిచేది మన రాష్ట్ర ప్రభుత్వాలు నడిచే పద్ధతిలోనే. ఖజానా ఖాళీ అన్న కబురు రాగానే మొదట చేతికందిన చిల్లర ఊడ్చేస్తుంది. అంటే కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజెన్. దాని ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల నీళ్ళు అంటిపెట్టుకుని ఉంటాయి, అదిపోతే అవీ పోతాయి. మొదటి వారంలోనే మూడు కిలోలు పోయాయని స్టేటస్ పెట్టుకునేది ఈ నీళ్ళకే. ఆ తర్వాత, కొవ్వు అనే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను కాస్త కాస్తే విడగొడుతూ, మరోపక్క ప్రభుత్వ భూముల్ని వేలానికి పెడుతుంది. కండలు. పోతే తిరిగి కొనడం కష్టమని తెలిసే అమ్ముతుంది, ఏ ప్రభుత్వమైనా అంతే.

జుట్టు కాంట్రాక్టు ఉద్యోగి. ముందు వేటు పడేది దాని మీదే, కాకపోతే రెండు మూడు నెలల నోటీసు పీరియడ్ ఉంటుంది. అందుకని పెళ్ళి ఆల్బంలో జడ నిండుగానే కనిపిస్తుంది, ఆషాఢంలో పుట్టింటికొచ్చినప్పుడు దువ్వెనకు దువ్వెనెడు ఊడుతుంది. అప్పటికి కోచ్ గారు ఎవరికీ గుర్తుండరు. నింద అత్తగారింటి బోరు నీళ్ళ మీద పడుతుంది. కొత్త ప్రాజెక్టులకు అనుమతులు నిలిపేస్తారు, అంటే నెలసరి తప్పుతుంది. దాంతోపాటు ఎముకల మరమ్మతుకు నిధులు ఆగుతాయి. థైరాయిడ్ హార్మోను తగ్గించి కరెంటు పొదుపు మొదలుపెడతారు, మే నెలలో చేతులు చల్లబడతాయి. ఇక పిత్తాశయం ఆఫీసులో ఫైలు కదలదు. నూనె చుక్క లోపలికొస్తే కదా అది పైత్యరసం పిండేది? కరుగుతున్న కొవ్వులోంచి కొలెస్ట్రాల్ మాత్రం వచ్చి పడుతూనే ఉంటుంది. కదలని రసంలో రాళ్ళు కట్టుకుంటాయి. వారానికి కిలోన్నరకు మించి తగ్గేవాళ్ళలో ఈ ముప్పు బాగా ఎక్కువని వైద్యులు ఏనాటి నుంచో మొత్తుకుంటున్నారు. ఫ్లెక్సీ మీద "సర్జరీ లేదు" అన్నమాట అబద్ధం కాదండోయ్. పిత్తాశయం తీసే ఆపరేషన్ వాళ్ళ సెంటర్లో చెయ్యరు.

ఈ కోతల్లో నేను నవ్వలేనిది ఒకటుంది. గుండె. అది కూడా కండే కాబట్టి వేలంలోకి వస్తుంది. పైగా దాని లయ పొటాషియం, మెగ్నీషియం లాంటి లవణాల మీద నడుస్తుంది. 1976లో రాబర్ట్ లిన్ అనే అమెరికన్ డాక్టరు, రోజుకు 400 కేలరీలకు లోపు ద్రవ ప్రొటీన్ తాగి బరువు తగ్గే పద్ధతిని పుస్తకంగా రాస్తే లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ ద్రవాన్ని పశువుల తోళ్ళూ స్నాయువులూ ఉడికించి తీసేవారు. ఒకటి రెండేళ్ళలోనే దాదాపు 60 మరణాల కబుర్లు అక్కడి ప్రభుత్వానికి చేరాయి. అందులో చాలామంది ఆడవాళ్ళు. అంతకు ముందు గుండె జబ్బు లేనివాళ్ళు కూడా గుండె లయ తప్పి పోయారు. వాళ్ళ కాటాలు కూడా చివరి రోజు వరకూ శుభవార్తే చెప్పి ఉంటాయి.

పెళ్ళి రోజు మాత్రం అన్నీ బాగానే జరుగుతాయి. మొన్నొక పెళ్ళిలో చూశాను, నెత్తిన జీలకర్ర బెల్లం పెడుతుంటే పెళ్ళికూతురు ఉలిక్కిపడింది, బెల్లం లెక్క తప్పుతుందేమోనని. బంధువులందరూ "నాజూగ్గా తయారైందమ్మా" అన్నారు. ఒకావిడ పెళ్ళికూతురి నడుము మెచ్చుకుంటూనే కోచ్ నంబరు తీసుకుంది.

తరవాత కథ ఆవకాయ సీజన్లో మొదలవుతుంది. అమెరికా టీవీలో బరువు తగ్గే పోటీ ఒకటి వచ్చేది, ది బిగ్గెస్ట్ లూజర్ అని. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. చాలామందికి బరువు తిరిగొచ్చింది. అది పెద్ద వింత కాదు. ఆ బరువుకు ఒళ్ళు రోజుకు ఖర్చుపెట్టాల్సిన దానికంటే దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చుపెడుతోంది, అదీ ఆరేళ్ళ తర్వాత కూడా. ఒకసారి కరువు చూసిన ఖజానా మళ్ళీ పిసినారితనం మానదు. అదే ముద్ద, అదే ఆవకాయ, ఇంతకు ముందు కంటే ఎక్కువ మిగులు. పైగా తిరిగొచ్చేటప్పుడు కొవ్వు వచ్చినంత సులువుగా కండ రాదు. సీమంతానికి కోచ్ గారు "ఓల్డ్ క్లయింట్ డిస్కౌంట్" ఇస్తాడు. ఇంత నమ్మకంగా తిరిగొచ్చే గిరాకీ మందుల దుకాణానికి కూడా లేదు.

డాక్టర్లు 800 కేలరీల తిండి పెట్టరా అని కోచ్ గారు నన్నే నిలదీశాడు. పెడతారు. స్కాట్లాండ్, ఇంగ్లండ్‌లలో డైరెక్ట్ అనే ప్రయోగం చేసి 2017లో ప్రకటించారు. మధుమేహులకు రోజుకు 825 నుంచి 853 కేలరీల పోషకాలు కలిపిన ద్రవాహారం కొన్ని నెలలపాటు ఇచ్చారు, ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి షుగరు మందుల్లేకుండానే అదుపులో ఉంది. గొప్ప ఫలితమే. కాకపోతే మొదటి రోజే షుగరు మాత్రలూ బీపీ మాత్రలూ ఆపించారు, వైద్య సిబ్బంది వెంటపడి చూసుకున్నారు, మెల్లమెల్లగా మామూలు తిండికి తెచ్చారు. మన కోచ్ గారికి ఆ కథలో 800 అన్న అంకె ఒక్కటే నచ్చింది.

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి కూడా నచ్చింది. ఆయనకు పదిహేనేళ్ళుగా షుగరు. కూతురి పెళ్ళికి సూటు కుట్టించుకుని, కూతురితోపాటు "ఫాదర్-డాటర్ కాంబో" ప్యాకేజీలో చేరారు. తిండి సగానికి పైగా మానేశారు గానీ, ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే షుగరు మాత్ర మాత్రం క్రమశిక్షణగా వేసుకున్నారు. అయిదో రోజు పొద్దున లిఫ్టులో చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంటే అంబులెన్సు పిలిచేలోపు కోచ్ గారికి ఫోన్ చేశారు.

"గుడ్ సైన్ అంకుల్," అన్నాడట ఆయన. "బాడీ డిటాక్స్ అవుతోంది."

వాచ్‌మన్ భార్య పుణ్యాత్మురాలు. ఆవిడకు డిటాక్స్ తెలియదు, షుగరు పడిపోవడం తెలుసు, వాళ్ళ మామగారికి రెండుసార్లు అయ్యింది. తన కోసం కలుపుకున్న టీలో ఇంకో మూడు చెంచాల పంచదార తిప్పి, చల్లార్చి, మింగుతున్నారని చూసుకుంటూ పట్టించింది. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకున్నారు. పొద్దున్నే ట్రేలో రెండిడ్లీలు, సాంబారు వచ్చాయి.

సెక్రటరీ గారు ఇడ్లీ వైపు అనుమానంగా చూసి అడిగారు. "సిస్టర్, ఇది ఎన్ని కేలరీలు?"

"తినండి సార్," అంది నర్సు, "లేకపోతే బయట కూర్చున్న మీ ఇంటావిణ్ణి లోపలికి పిలుస్తా."