ఆవును మేపేదెవరు స్వామీ?

వలసపోయిన కొడుకు ఇల్లు ఎట్లుంటుందో చూడాలంటే తిరుమలకు రండి. చిన్నోడు కొండెక్కి కోట్లు గడిస్తున్నాడు. తమ్ముడి పెళ్లప్పు తీర్చడానికి కాసులు కొలిచీ కొలిచీ అలిసిపోయిన అన్న గోవిందరాజులు కింద తిరుపతిలో కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఇల్లాలు తిరుచానూరులో. పెంచిన తల్లి వకుళమాత పేరూరు బండమీద. పాడుబడ్డ ఆమె గుడి చుట్టూ క్వారీలు కొండను కొరుక్కుతిన్నాయి. మళ్లీ అక్కడ దీపం వెలిగింది 2022లో. దేవుడి తల్లికే ఇంత ఆలస్యమైతే, పిల్లలు వలసపోయి పాకాలలో ఒంటరిగా మిగిలిన అవ్వ ఎవరికి మొరపెట్టుకోవాలి?

ఉన్నట్టుండి సర్కారుకు ఆ అవ్వ కళ్లబడింది. రాష్ట్రం ముసలిదైపోతోందట! ఇద్దరిని మించి కన్నవాళ్లు పంచాయతీకి పోటీ చేయకూడదని 1994లో పెట్టిన నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. ఒకప్పుడు కుటుంబ నియంత్రణ పాఠం చెప్పిన నారావారిపల్లె పెద్దాయనే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఆనాడు ఆపరేషన్ చేయించుకున్న అవ్వలు కుట్లు విప్పించుకోవాలేమో, జీవో రావాలి.

2019-21 సర్వే లెక్కన మన రాష్ట్రంలో స్త్రీకి 1.7 బిడ్డలు. జనం తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఆ తక్కువైన 0.4 బిడ్డ కోసం విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు 2025లో సొంత జీతం నుంచే బహుమతి ప్రకటించారు: మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు. దానధర్మం గొప్పదే. కానీ ఇదివరకే కన్న ఆ 1.7 ఏదీ? ఒకటి బెంగళూరులో, మిగిలిన 0.7 శ్రీపెరంబుదూరు నైట్ షిఫ్టులో.

బిడ్డల వెనకాలే సేద్యమూ సర్దుకుంది. కూలికి మనిషి దొరకని చోట వేరుశెనగ పోయి మామిడి వచ్చింది. చెట్టయితే రోజూ మనిషిని అడగదు. ఆ తోతాపురికి ఇంకో పేరు బెంగుళూర; అదీ ఊరు విడిచి పోయేదానిలాగే ఉంది. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు ఇస్తాయన్నారు. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఇక ఊరి అంగడి తిరిగేది ఒకటో తేదీ ఇంటికొచ్చే 4 వేల పింఛన్‌తో. ముసలివాళ్లు భారమని పట్నంలో ఉపన్యాసాలు దంచుతున్నారు గానీ, ఈ పల్లెల్లో చిల్లరకొట్టును మోస్తున్నది వాళ్లే.

ఈరోజు పుట్టిన బిడ్డ పన్ను కట్టడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అవ్వ మోకాలు అంతదాకా ఆగుతుందా? 65 దాటినవాళ్లకు కొండమీద వేరే దర్శనముంది, నిజమే. టోకెన్ మాత్రం ఆన్‌లైన్‌లో నెలల ముందే తీసుకోవాలి. అంటే ముసలితనానికి కావాల్సిన మొదటి అర్హత, ఫోను నొక్కే మనవడు.

"అబ్బోడా, టోకెన్ తీసినావా?"

"ఆఫీసులో ఉండానవ్వా, రేపు చూస్తా."

"మూడోవాణ్ణి కంటే ఆవు ఇస్తారంట గదా. ఆవును నేను ఎట్నో మేపుకుంటాలే. వాడైనా ఊర్లో ఉంటాడా?"

"పుట్టనీ అవ్వా. బెంగుళూర్లో స్కూలు సీటుకు ఇప్పట్నుంచే చెప్పిపెట్టాల."