బైబిలు సగంలో మూసేయండి

బైబిలులో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదిలో అయిపోతుంది. కొత్త సంవత్సరం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి ఈ లెక్క వేసుకోనివాళ్ళు మన సంఘాల్లో తక్కువ. ఫ్రిజ్ తలుపు మీద పట్టిక అంటిస్తాం, చదివిన రోజుకు టిక్కు పెడతాం. నా మొదటి సలహా: ఆ పట్టిక పీకేయండి. మీ పాస్టర్ గారు ఒప్పుకోకపోవచ్చు, మీ అమ్మగారు అసలే ఒప్పుకోరు. ఇక్కడ చెప్పబోయేవన్నీ ఇలాగే తలకిందులుగా కనిపిస్తాయి. వేళాకోళానికి మాత్రం రాయడం లేదు. ఒక్కొక్కటీ పాటించండనే అడుగుతున్నాను.

పట్టిక మీద నాకెందుకింత కోపమో చెప్తాను. ఒక ఇంట్లో ఉదయం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాను. ఆ రోజు భాగం యెషయా 58వ అధ్యాయం. ఆకలిగొన్నవాడితో అన్నం పంచుకోవడమే తనకిష్టమైన ఉపవాసమని దేవుడు చెప్పే చోటు. ఇంటాయన శ్రద్ధగా చదువుతున్నాడు, పిల్లలు బుద్ధిగా వింటున్నారు. పెరటి గుమ్మం దగ్గర అంట్లు తోమే ఆవిడ నిలబడి ఉంది. చేతిలో ఆసుపత్రి చీటీ, నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదని ఆమెకు ఎవరో నేర్పారు. అధ్యాయం అయింది, ప్రార్థన అయింది, ఆమెన్ అనేలోపు స్కూలు బస్సు హారన్ కొట్టింది, అందరూ లేచి పరుగు. ఆవిడ చీటీని నడుముకు దోపుకుని గిన్నెల దగ్గర కూర్చుంది. ఆ ఇంటివాళ్ళు దయలేని మనుషులు కారు. ఆ పూట అధ్యాయం పూర్తి చేయడమే వాళ్ళ కళ్ళముందు ఉంది, అంతే. రెండో వచనం దగ్గర పుస్తకం మూసి "ఏమ్మా, ఏమైంది?" అని అడిగి ఉంటే ఆ రోజుకు చదవాల్సినదంతా చదివినట్టే.

ఆ పట్టిక ప్రకారం వెళ్తే ఫిబ్రవరి మొదటి వారంలో లేవీయకాండం 19వ అధ్యాయం వస్తుంది. బలుల వివరాలు, కుష్ఠు మచ్చల పరీక్షలు దాటేసరికి చాలామందికి ఓపిక చచ్చిపోయి, గబగబా పేజీలు తిప్పేస్తారు. మీరు మాత్రం అక్కడే కూర్చుండిపోండి, నెల పట్టినా పరవాలేదు. పంట కోసేటప్పుడు పొలం ఓరలదాకా కోయొద్దు, రాలిన వెన్నులు ఏరుకోవద్దు, ద్రాక్షతోటను పూర్తిగా దులిపేయొద్దు, అవి పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టండి అని ఆజ్ఞ. విధవరాలైన మోయాబు పిల్ల రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకుని అత్తకు ఇంత తిండి పెట్టగలిగింది ఈ ఆజ్ఞ చలవతోనే. దావీదు ఆమె మునిమనవడు.

వరికోతలయ్యాక ముసలివాళ్ళూ పిల్లలూ పరిగె ఏరుకోవడం చూసిన తరానికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కోత మిషన్లు దిగాక ఆ దృశ్యమే కరువైంది. ఈ ఆజ్ఞలో నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. ఎవరికి ఇవ్వాలో రైతు ఎంచుకోడు. గట్టు మీద నిలబడి నీదే ఊరు, నీ మొగుడు తాగుతాడా, నిన్న కూడా వచ్చావు కదా అని ఆరా తీయడు. విడిచిపెట్టి ఇంటికి పోతాడు. ఏరుకునే మనిషి తన రెక్కల కష్టంతో ఏరుకుంటుంది, ఎవరికీ దండం పెట్టే పనుండదు. అందుకే అంటున్నాను, ఇచ్చే ముందు పాత్రులా అపాత్రులా అని విచారించకండి. అప్పుడప్పుడు మోసపోతారు, నిజమే. ఓరలు వదిలిన రైతు పొలంలోకీ అవసరం లేనివాడు ఒకడు దూరే ఉంటాడు. అతడి కోసం ఓరలు కూడా కోసేయమని ఆజ్ఞలో లేదు. నెల జీతం మీద బతికేవాళ్ళు విడిచిపెట్టాల్సిన ఓర డబ్బులో కొంత, టైములో కొంత. రెండింట్లో టైమే ఎక్కువ బాధ పెడుతుంది.

దశమభాగం సంగతి. ముందు ఇంట్లో పనిచేసేవాళ్ళ జీతం ఇచ్చేసి, ఆ తర్వాతే కానుక కవరు ముట్టుకోండి. కూలివాడి కూలి పొద్దు కుంకేలోపు చేతిలో పెట్టాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం. జీతం ఆపినవాళ్ళ మీద యాకోబు తన పత్రికలో ఎంత మండిపడ్డాడో చదివినవాళ్ళకు తెలుసు. నాగాలకు కోత కోసి మిగిల్చిన డబ్బు కానుక పెట్టెలో వేయడం కన్నా ఆ వారం పెట్టెలో ఏమీ వేయకుండా ఇంటికి రావడం మేలు.

ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వెళ్ళడానికీ సిద్ధపడండి. ఈ మాట ఊరికే అనడం లేదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటి 1973లో అచ్చయింది. వేదాంత కళాశాల విద్యార్థులు 40 మందిని ఒక భవనం నుంచి పక్క భవనానికి వెళ్ళి చిన్న ప్రసంగం చేయమన్నారు. వాళ్ళలో కొందరికి ఇచ్చిన అంశం, దారిలో పడి ఉన్నవాడి గాయాలు కట్టిన మంచి సమరయుడి ఉపమానమే. దారిలో ఒక మనిషి గుమ్మంలో కూలబడి, తల వాల్చి, దగ్గుతూ మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. ఇంకా టైముందని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం మంది ఆగి పలకరించారు. ఇప్పటికే ఆలస్యమైపోయింది, త్వరగా వెళ్ళమని తరిమినవాళ్ళలో ఆగింది 10 శాతమే. ప్రసంగం సమరయుడి గురించా, మరో దాని గురించా అన్నది పెద్దగా తేడా తేలేదు. వాక్యం తలలో ఉంది, నోట్లో ఉంది, చేతిలో కాగితం మీద కూడా ఉండి ఉంటుంది. వాచీ మాత్రం వాళ్ళను ముందుకు నెట్టింది.

మార్కు 5వ అధ్యాయం తీయండి. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, పన్నెండేళ్ళ పిల్ల. ఆ ఇంటికి వెళ్తూ యేసు దారిలో ఆగాడు, గుంపులో తన వస్త్రం ముట్టింది ఎవరని అడిగాడు. పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు పోసుకున్న ఆవిడ వణుకుతూ ముందుకొచ్చి జరిగిందంతా చెప్పుకుంది. ఆయన మొత్తం విన్నాడు. పక్కన నిలబడ్డ తండ్రికి ఆ కాసేపూ ఎలా గడిచిందో ఊహించుకోండి. అవతల పిల్ల చనిపోయిందన్న కబురు కూడా వచ్చింది. అయినా ఆ ఆగడాన్ని సువార్త ఎక్కడా తప్పు పట్టలేదు. పిల్లా లేచింది, ఆ అమ్మా బాగుపడింది. బస్‌స్టాప్‌లో కళ్ళు తిరిగి పడిపోయిన ముసలాయన కోసం మొదటి పాట తప్పిపోతే, తప్పిపోనివ్వండి.

పొద్దున్నే వాట్సాప్‌లో వాక్యం పంపడం మానేయండి. సూర్యోదయం బొమ్మ మీద పసుపు అక్షరాల్లో ఓ వచనం, కింద గులాబీ. నలభై మందికి ఒకేసారి వెళ్తుంది, ముప్పై మంది నుంచి చేతులు జోడించిన బొమ్మ తిరిగొస్తుంది. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరు రాత్రంతా దగ్గారో రెండు వైపులా తెలియదు. రోజుకో వాక్యం అనే ఆచారం ఇలా మొదలవలేదు. జర్మనీలో హెర్న్‌హుట్ అనే చిన్న ఊరు. మొరేవియాలో హింసకు తట్టుకోలేక పారిపోయి వచ్చిన విశ్వాసులు అక్కడ తల దాచుకున్నారు. చోటిచ్చిన జమీందారు జిన్‌జెన్‌డోర్ఫ్ 1728లో ఒక సాయంత్రం కూడికలో, మర్నాటికి ఇది పట్టుకోండని ఓ మాట ఇచ్చాడు. ఆ పద్ధతి నిలిచిపోయింది. పొద్దున్నే ఎవరో ఒకరు ఆ రోజు మాటను ఇంటింటికీ మోసుకెళ్ళి చెప్పేవారు. 1731లో అది పుస్తకమైంది, నేటికీ ఏటా అచ్చవుతోంది. పుస్తకం మంచిదే, దాన్ని కాదనను. కానీ మాట మోసుకెళ్ళినవాడు తలుపు తట్టాలి, లోపల ఎవరు మంచం పట్టారో కళ్ళతో చూడాలి. మీరు నలభై మందికి పంపే బదులు ఒక్క ఇంటికి నడిచి వెళ్ళండి. డిసెంబరు 31 రాత్రి తీసుకున్న వాగ్దాన కార్డు కూడా మీ బైబిల్లో ఏడాదంతా దాచుకోకండి. అందులో ఉన్నది ఓదార్పు అయితే, ఈ వారం భర్తను పోగొట్టుకున్న మనిషికి మీకన్నా దాని అవసరం ఎక్కువ.

ధ్యానానికి ప్రశాంతమైన చోటు వెతుక్కోమంటారు పెద్దలు. ప్రభుత్వాసుపత్రి వరండా సరిపోతుందని నేనంటాను. పొద్దున ఓపీ వేళకు వెళ్ళండి. ఎక్స్‌రే కవరు గుండెలకు హత్తుకుని, ఏ గదికి పోవాలో తెలియక, అడిగితే ఎవరు కసురుతారోనని గోడవారన నిలబడినవాళ్ళు కనిపిస్తారు. చీటీ చదివి గది చూపిస్తే చాలు, వాళ్ళకు అర పూట కలిసొస్తుంది. వార్డుల్లోకి వెళ్తే ఇంకో సంగతి తెలుస్తుంది. రోగికి ఎలాగోలా తిండి అందుతుంది, తోడున్న మనిషి మంచం దగ్గర నుంచి కదలడానికి లేదు. సెలైన్ అయిపోతే నర్సమ్మను పిలవాలి, డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు లేకపోతే మందుల చీటీ అందదు. అలా కదలకుండా కూర్చున్నవాళ్ళు రెండ్రోజులు స్నానం లేకుండా, బన్నూ టీలతో గడిపేస్తారు. క్రిస్మస్‌కు అరటిపళ్ళూ రొట్టె పాకెట్లూ పంచి, బ్యానరు పట్టుకుని ఫోటో దిగే బృందాలకు ఇది కనిపించదు. ఒక మంచం దగ్గరకు వెళ్ళి "అమ్మా, మీరు వెళ్ళి స్నానం చేసి, ఇంత తినేసి రండి, అందాకా నేను కూర్చుంటాను" అనండి. మొదట అనుమానంగా చూస్తారు, చూడనివ్వండి. రెండోసారి అడిగితే దిండు కింద నుంచి సబ్బుపెట్టె తీస్తారు. ఆ ముప్పావు గంటా బైబిలు సంచిలోనే ఉండనివ్వండి. మీ కోసం ప్రార్థన చేస్తానని మాత్రం వాళ్ళు తిని వచ్చాకే చెప్పండి. ఒంటి మీద బట్ట, కడుపులో తిండి లేనివాళ్ళను మంచి మాట చెప్పి పంపేస్తే ఏం లాభమని యాకోబే అడిగాడు.

అన్నం పెట్టిన చోట పేర్లు రాసుకోకండి. దీనికి ఒంగోలు చరిత్ర ఉంది. 1876లో మొదలైన ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే పని తెలిసినవాడు కావడం కలిసొచ్చింది. వేలమందికి కూలి దొరికింది, గంజి దొరికింది. పనుల దగ్గర మేస్త్రీలుగా పెట్టిన బోధకులు సాయంత్రాలు ఓదార్పు మాటలు చెప్పేవాళ్ళు. బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా వచ్చి అడిగితే మాత్రం క్లౌ ఒప్పుకోలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదు, కూడు చూపించి లాక్కున్నారన్న మాట మిషన్ మీదా పడకూడదు. కరువు పనులు అయిపోయి, ఇక మా దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదని తేల్చి చెప్పాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను ప్రసంగాల్లో అందరూ చెప్తారు. దానికి ముందు నెలల తరబడి కాదంటూ వచ్చిన సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. నాకు ఆ కాదనడమే పెద్ద సాక్ష్యంగా తోస్తుంది. మీ సంఘం వరదల్లో బియ్యం పంచితే, తీసుకున్నవాళ్ళ ఫోన్ నంబర్లు ఆదివారం కూడికకు పిలవడానికి వాడకండి. వాళ్ళంతట వాళ్ళు వస్తే రానివ్వండి.

సాయం చేసే చేయి మనవాళ్ళదేనా అనీ చూడకండి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి కట్టింది వెస్లియన్ మెథడిస్టు వైద్యురాలు ఇసబెల్ కెర్. దానికి పెద్ద మొత్తం ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. యేసు చెప్పిన ఉపమానంలోనూ గాయాలు కట్టినవాడు గుడికి సంబంధించినవాడు కాడు, ఊరందరూ తక్కువగా చూసే సమరయుడు.

ఇలా సగంలో మూసేసుకుంటూ పోతే బైబిలు ఎప్పటికి అవుతుందని అడుగుతారు. రెండేళ్ళకో ఐదేళ్ళకో అవుతుంది, తొందరేముంది? మూసిన చోట మార్జిన్‌లో పెన్సిల్‌తో తేదీ వేసి, ఎవరి కోసం లేచారో రెండు ముక్కలు రాసుకోండి. మళ్ళీ ఆ పేజీ తీసినప్పుడు మిగిలిన వచనాల కన్నా ముందు ఆ పెన్సిల్ రాతే చదవండి. సమరయుడు పూటకూళ్ళవాడికి రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి ఊరుకోలేదు. ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. మొదటి రోజు అందరం చేస్తాం. మానేది రెండోసారే. చీటీ మడిచి పట్టుకున్న ఆవిడకు ఆసుపత్రిలో ఏమన్నారు, వార్డులో పడుకున్నాయన డిశ్చార్జి అయి ఏ ఊరు వెళ్ళాడు, భర్తను పోగొట్టుకున్నావిడ పింఛను కాగితాలు ఎంతదాకా వచ్చాయి, వెళ్ళి కనుక్కోండి. వెళ్ళే ముందు ఫోన్ చేసి, వాళ్ళకు ఎప్పుడు వీలవుతుందో అడిగి వెళ్ళండి. వాళ్ళకూ పనులుంటాయి.